నాజర్ తర్వాత ఎవరిని విందాం?

మన పిల్లలు మమ్మల్ని తరచూ ఒక మాట అడుగుతుంటారు. భీమ్లా నాయక్ సినిమా పాట మొదట్లో కిన్నెర మొగులయ్య గొంతు విన్నాం, గోరటి వెంకన్నను విన్నాం, గద్దర్‌ను విన్నాం, ఇలా సొంతంగా పాట కట్టి సొంతంగా పాడేవాళ్లు ఇంకా ఎవరున్నారని. ఫోన్‌ను అడిగితే అది విన్నవాటినే తిప్పితిప్పి వినిపిస్తుంది. లేకపోతే లక్షలమంది చూసినదాన్ని ముందుకు తోస్తుంది. మైపాడు నుంచి తడ దాకా మన కాలనీలన్నిటిలోనూ ఇప్పుడు ఫోన్లున్నాయి. పాటలకు కొదవ లేదు. కొదవల్లా దారి చూపేవాళ్లకే.

ఈ సంచికలో మేం ఆ దారిని పేర్ల పట్టికగా కాకుండా ఒక మనిషి జీవితంగా చెప్పాలనుకున్నాం. ఆ మనిషి షేక్ నాజర్. ఆయన మన జాతివాడు కాదు, మన జిల్లావాడూ కాదు. అయినా మన సంచికలో ఆయనకు చోటు ఎందుకో చదువుతుంటే మీకే తెలుస్తుంది. ఒక కళాకారుణ్ణి బాగా తెలుసుకుంటే ఆయన ఎవరి దగ్గర నేర్చుకున్నాడో, ఎవరితో కలిసి నడిచాడో, ఎవరికి నేర్పాడో తెలుస్తుంది. తర్వాత వినాల్సినవాళ్ల పేర్లు అక్కడే దొరుకుతాయి.

పొన్నెకల్లు పిల్లవాడు

నాజర్ 1920 ఫిబ్రవరి 5న గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టారు. తండ్రి షేక్ మస్తాన్. వాళ్లది దూదేకుల కుటుంబం. దూదిని ఏకి, పరుపులూ దిండ్లూ కుట్టి బతికే ముస్లింలను మన ప్రాంతంలో దూదేకులవాళ్లని, పింజారులని అంటారు. ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఊళ్లో జరిగే భజనలూ నాటకాలూ తిరునాళ్లూ వాళ్లకు పరాయివి కావు. కానీ పింజారి అనే మాటను చాలామంది వృత్తి పేరుగా వాడరు, తిట్టుగా వాడతారు. పేదవాణ్ణి, పనికిరానివాణ్ణి అని చెప్పడానికి వాడతారు. మన జాతి పేరును కూడా ఊళ్లో ఎవరెవరు ఎలా వాడతారో మీకు తెలుసు. బడిలో, బస్సులో, రొయ్యల గుంట గట్టు మీద మనం విన్న మాటే అది. నాజర్ అలాంటి మాట వింటూ పెరిగిన పిల్లవాడని ముందుగా గుర్తుపెట్టుకోండి.

ఆస్తి లేని ఇంట్లో ఆయనకు దక్కింది గొంతు ఒక్కటే. చిన్నప్పుడే ఊళ్లో పిల్లల నాటకాల్లో వేషం కట్టారు. తర్వాత తెనాలిలో ఒక బాలల నాటక సంఘంలో చేరి పౌరాణిక నాటకాల్లో ఆడవేషాలు వేశారు. ఆ రోజుల్లో ఆడవేషం వేసే కుర్రాడికి పద్యం రావాలి, రాగం రావాలి, నడక రావాలి, కంటితో ఏడవడమూ రావాలి. ఈ చదువును ఆయన బడిలో నేర్వలేదు, రంగస్థలం మీద నేర్చుకున్నారు. శాస్త్రీయ సంగీతమూ కొంత నేర్చుకున్నారు, హార్మోనియం పట్టారు. ఇంటి ఇబ్బందుల వల్ల మధ్యలో ఆపేసి ఊరు చేరాల్సి వచ్చింది. కూలి ఇళ్లలో పిల్లల చదువు ఎలా తెగిపోతుందో ఆయన సంగీతమూ అలాగే తెగిపోయింది. అయితే నేర్చుకున్నది మాత్రం ఎక్కడికీ పోలేదు. పదేళ్ల తర్వాత అదంతా ఒకేచోట పనికొచ్చింది.

జంగం కథ బుర్రకథ అయిన కాలం

బుర్రకథ ఎవరో ఒకరు కూర్చుని కనిపెట్టింది కాదు. ఊరూరా తిరిగి కథ చెప్పి బియ్యం అడుక్కునే జంగాలు ఉండేవారు. భుజాన తంబురా, చేతి వేళ్లకు అందెలు, పక్కన గుమ్మెట వాయించే తోడు. శివుడి కథలు, వీరుల కథలు చెప్పేవారు. దాన్ని జంగం కథ అనేవారు. సోరకాయ బుర్రలాంటి వాద్యాలతో చెప్పేది కాబట్టి తర్వాత బుర్రకథ అనే పేరు నిలిచింది. అడుక్కునేవాళ్ల కళగా చాలామంది దాన్ని చిన్నచూపు చూశారు.

1940ల మొదట్లో ఆంధ్రలో కమ్యూనిస్టు ఉద్యమం ఊళ్లలోకి పోయే దారి వెతుక్కుంటోంది. ఆ ఉద్యమాన్ని కట్టినవాళ్లలో ముఖ్యుడు పుచ్చలపల్లి సుందరయ్య. ఆయన పుట్టింది మన తీరంలోనే, విడవలూరు దగ్గర అలగానిపాడులో. చదువురాని కూలీలకు కరపత్రం పంచితే లాభం లేదు, పాట కావాలి, కథ కావాలి. 1943లో దేశం మొత్తానికి ప్రజా నాటక సంఘం ఏర్పడింది. తెలుగునాట దాని పేరు ప్రజా నాట్యమండలి. డాక్టర్ గరికపాటి రాజారావు దానికి నాయకుడు. వాళ్లు ఊళ్లలో ఉన్న కళలన్నిటినీ ఏరుకొచ్చారు. జంగం కథ, గొల్లసుద్దులు, పగటివేషాలు, వీధి భాగవతం, ఏదీ వదల్లేదు. పాత గిన్నెలో కొత్త కూడు పెట్టారు.

గుంటూరు జిల్లా కార్యకర్తలు నాజర్‌లో ఉన్న కళాకారుణ్ణి గుర్తుపట్టి బుర్రకథ నేర్చుకోమన్నారు. అక్కడ ఆయన దారి మలుపు తిరిగింది. నాటకంలో నేర్చిన అభినయం, గురువు దగ్గర నేర్చిన రాగం, పల్లెలో విన్న వరసలు, మూడూ ఆ తంబురాలో కలిశాయి.

ముగ్గురి పని

బుర్రకథ మీలో కొందరు తిరునాళ్లలో చూసే ఉంటారు. చూడనివాళ్ల కోసం దాని పనితీరు చెబుతాం. నాజర్ గొప్పతనం అది తెలిస్తేనే అర్థమవుతుంది.

మధ్యలో నిలబడేది కథకుడు. తలపాగా, పొడుగు అంగరఖా, కాళ్లకు గజ్జెలు. భుజాన తంబురా, వేళ్లకు అందెలు. అడుగు ముందుకూ వెనక్కూ వేస్తూ పాడతాడు, మధ్యలో మాటగా చెబుతాడు, కథలోని పాత్రలన్నీ తానే అవుతాడు. రెండు పక్కలా ఇద్దరు వంతలు డక్కీలు వాయిస్తూ వంత పాడతారు. ఒకరు హాస్యం చెబుతారు. ఇంకొకరు రాజకీయం చెబుతారు, అంటే పాత కథను ఈనాటి సంగతికి ముడిపెడతారు. రాజు పన్ను వేశాడని కథకుడు పాడితే, రాజకీయం చెప్పే వంత మన ఊరి పన్ను సంగతి ఎత్తుతాడు. హాస్యం చెప్పేవాడు దాన్ని నవ్వులాటగా మారుస్తాడు. వినేవాడు నవ్వుతూనే తన సంగతి తాను తెలుసుకుంటాడు.

నాజర్ ఈ మూడు గొంతుల పనికి కొత్త ఊపు తెచ్చారు. ఆయన కథ రాస్తారు, వరస కడతారు, పాడతారు, ఆడతారు. యుద్ధం చెప్పేటప్పుడు గొంతు ఉరుముతుంది, తల్లి ఏడుపు చెప్పేటప్పుడు అదే గొంతు సన్నబడుతుంది. మైకు లేని చోటా వేలమంది కదలకుండా కూర్చుని విన్న కాలం అది. అందుకే ఆయనను బుర్రకథ పితామహుడు అన్నారు. కళను పుట్టించినవాడని కాదు, దాన్ని పెంచి నలుగురిలో నిలబెట్టినవాడని.

కరువు పాట

1943లో బెంగాల్‌లో కరువు వచ్చింది. సుమారు 30 లక్షల మంది చనిపోయారని అంచనా. వానలు లేక వచ్చిన కరువు కాదది. యుద్ధం వల్ల బర్మా నుంచి బియ్యం ఆగిపోయింది, ధరలు ఆకాశానికి పోయాయి, వ్యాపారులు ధాన్యం దాచారు. జపాన్ సైన్యం వస్తే దానికి చిక్కకూడదని తెల్లదొరల ప్రభుత్వం తీరంలోని పడవలను ముందే లాక్కుంది. పడవ పోతే చేపలవాడి కడుపు ఏమవుతుందో ఈ తీరంలో పుట్టిన మనకు వేరే చెప్పాలా?

నాజర్ బెంగాల్ కరువును బుర్రకథగా కట్టి ఊరూరా చెప్పారు. ప్రజా నాట్యమండలి కళాకారులు ఆ రోజుల్లో ప్రదర్శనలిచ్చి కరువు సాయానికి విరాళాలు పోగుచేశారు. ఇక్కడ మీరు గమనించాల్సింది ఒకటుంది. ఎక్కడో ఉన్న బెంగాలీ కూలివాడి ఆకలిని, అతని భాష తెలియని పల్నాటి రైతుకూ, కృష్ణా డెల్టా కూలికీ తమ ఆకలిగా వినిపించగలిగింది ఆ కథ. పత్రిక చదవలేని మనిషికి దేశం గురించి తెలిపింది. పాట కట్టేవాడి పని ఇదేనని మేం అనుకుంటాం.

తర్వాత రోజులు కష్టమైనవి. తెలంగాణ సాయుధ పోరాటం సాగుతుండగా ఆంధ్ర ప్రాంతంలోనూ కమ్యూనిస్టుల మీద అణచివేత పెరిగింది. ప్రజా నాట్యమండలి ప్రదర్శనలకు ఆటంకాలు వచ్చాయి, వాళ్ల మా భూమి నాటకాన్ని నిషేధించారు. దళాలు చెదిరిపోయాయి. బతుకుతెరువు కోసం కొందరు సినిమాలకు పోయారు, కొందరు పొలం పనికి పోయారు. నాజర్ మాత్రం తంబురా దించలేదు.

ఎవరి కథలు చెప్పారు

పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు కథ, ఇవి నాజర్ పేరుతో కలిసిపోయిన కథలు. ఈ కథల ఎంపికలోనే ఆయన మనసు తెలుస్తుంది. పల్నాటి కథలో బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్లనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెడతాడు. మాలవాడైన కన్నమదాసు సేనాధిపతి అవుతాడు. బొబ్బిలి కథ 1757లో ఒక చిన్న కోట ఫ్రెంచివాళ్ల ఫిరంగులకు ఎదురు నిలిచిన కథ. అల్లూరి కథ మన్యం కథ.

మన్యం కథ మనకు మరీ దగ్గరిది. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం కొండవాళ్ల పోడును, కట్టెను, మేతను నేరం చేసింది. రోడ్లకు కూలి ఇవ్వకుండా పని చేయించుకున్నారు. 1922 నుంచి 1924 దాకా మన్యం తిరగబడింది. రాజు వెనక గాం గంటం దొర, మల్లు దొర వంటి ఆదివాసీ వీరులున్నారు. 1954లో వచ్చిన అగ్గిరాముడు సినిమాలో నాజర్ చెప్పిన అల్లూరి బుర్రకథ ఉంది. అంతకు ముందు ఏడాది వచ్చిన పుట్టిల్లులోనూ ఆయన పాలు పంచుకున్నారు. ఆ సినిమా తీసింది గరికపాటి రాజారావే. ఆయనను కళ్లతో చూడాలనుకునేవాళ్లు అగ్గిరాముడుతో మొదలుపెట్టండి. కొద్ది నిమిషాలే, కానీ ఒక మనిషి ఎంతమంది మనుషులు కాగలడో అందులో తెలుస్తుంది.

రెండోసారి చూసేటప్పుడు కథకుణ్ణి వదిలి వంతలను చూడండి. మూడోసారి కళ్లు మూసుకుని లయ ఒక్కటే వినండి. వినడం కూడా ఒక విద్యే. ఒక పాటను నూరుసార్లు వెనక మోగనివ్వడం కంటే మూడుసార్లు మనసుపెట్టి వింటే ఎక్కువ దక్కుతుంది.

పింజారి అనే పుస్తకం

తర్వాత కాలంలో బుర్రకథ ఎటు పోయిందో మీ పెద్దవాళ్లకు గుర్తుంటుంది. ఆకాశవాణిలో వినిపించింది, తిరునాళ్లలో తెల్లవార్లూ సాగింది, ప్రభుత్వమే కుటుంబ నియంత్రణ ప్రచారానికి దాన్ని వాడుకుంది. నాజర్ దగ్గర నేర్చుకున్నవాళ్లు సొంతంగా దళాలు కట్టుకున్నారు. 1986లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. 1997 ఫిబ్రవరిలో, 77 ఏళ్లు నిండిన కొద్ది రోజులకే ఆయన కన్నుమూశారు.

ఆయన జీవితకథను అంగడాల వెంకట రమణమూర్తి పుస్తకంగా తెచ్చారు. ఆ పుస్తకం పేరు పింజారి. పద్మశ్రీ అని పెట్టుకోవచ్చు, బుర్రకథ సమ్రాట్టు అని పెట్టుకోవచ్చు. అవేవీ కాదని, చిన్నప్పటి నుంచీ తిట్టుగా విన్న మాటే అట్ట మీదికి ఎక్కింది. మన సంచికలో నాజర్‌కు చోటు ఇవ్వడానికి మొదటి కారణం ఇదే. తన జాతి పేరు దాచుకుని పెద్దవాడైన మనిషి కాదు ఆయన. ఆ పేరుతోనే, ఆ పేరుకే మర్యాద తెచ్చిన మనిషి. కాలేజీలో ఇంటిపేరు చెప్పి ఊరి పేరు చెప్పి, జాతి పేరు దగ్గర నోరు మెదపలేక ఆగిపోయే మన తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఈ పుస్తకం పేరు ఒక్కసారి పైకి చదవాలి.

ఆయన నుంచి బయలుదేరే దారులు

ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తాం. నాజర్ తర్వాత ఎవరిని వినాలి? ఆయన జీవితంలోనే నాలుగు దారులున్నాయి.

మొదటి దారి, ఆయనతో కలిసి నడిచినవాళ్లది. ప్రజా నాట్యమండలిలో ఆడవాళ్లు కూడా తంబురా పట్టారు. మోటూరు ఉదయం ఆడవాళ్ల బుర్రకథ దళాన్ని నడిపారు. ఆడది వేదిక ఎక్కితే ఊరు నోరు పారేసుకునే రోజులవి. కొండపల్లి కోటేశ్వరమ్మ అదే ఉద్యమంలో పాటలు పాడారు. 1918లో పుట్టి నూరేళ్లు బతికిన ఆమె రాసుకున్న నిర్జన వారధి చదవండి. పాట పాడినందుకు ఒక మనిషి ఎంత వెల ఇవ్వాల్సి వస్తుందో అందులో ఉంది. మన ఆడపిల్లలకు ఈ దారి ముందుగా చూపించాలి.

రెండో దారి, ఆయనలాగే పాత కళలో కొత్త మాట పెట్టినవాళ్లది. తెలంగాణలో సుద్దాల హనుమంతు. 1910లో నల్లగొండ జిల్లా పాలడుగులో పద్మశాలి ఇంట పుట్టారు. గొల్లసుద్దులు, ఫకీరు వేషం, పిట్టలదొర లాంటి ఊరి ఆటల వరసలు తీసుకుని వెట్టిచాకిరీకి ఎదురు తిరిగే పాటలు కట్టారు. పశువులు కాసే పసివాడి మీద ఆయన కట్టిన పాట 1979లో తీసిన మా భూమి సినిమాలో వినొచ్చు. 1982లో ఆయన పోయారు. కొడుకు సుద్దాల అశోక్ తేజ సినిమా పాటల రచయితగా మీకు తెలుసు. ఇటు శ్రీకాకుళంలో సుబ్బారావు పాణిగ్రాహి. ఆయన బొడ్డపాడులో గుడి పూజారి. ఉత్తరాంధ్ర పల్లెల జముకుల కథను తీసుకుని సవర గిరిజనుల పోరాటాన్ని కథగా చెప్పారు. 1969 డిసెంబరులో ఆయనను కాల్చి చంపారు. నాజర్‌కు జంగం కథ ఎలాంటిదో ఆయనకు జముకుల కథ అలాంటిది.

మూడో దారి, వాళ్ల తర్వాతి తరానిది. వంగపండు ప్రసాదరావు 1943లో పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో పుట్టారు. విశాఖ షిప్‌యార్డులో కార్మికుడిగా పనిచేస్తూ పాటలు కట్టారు. యంత్రం శబ్దం, ఉత్తరాంధ్ర యాస, కాలి గజ్జె మూడూ ఆయన పాటలో ఉంటాయి. పుస్తక భాష వైపు చూడనే లేదు. 2020లో పోయారు. గద్దర్ అసలు పేరు గుమ్మడి విఠల్ రావు, మెదక్ జిల్లా తూప్రాన్. ఆయన పెట్టుకున్న పేరు వెనక ఒకప్పటి గదర్ పార్టీ ఉంది. 2023లో పోయారు. ఆదిలాబాద్ జిల్లా నుంచి గూడ అంజయ్య, పాలమూరు నుంచి గోరటి వెంకన్న. వెంకన్న వల్లంకి తాళానికి 2021లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. వాగు, పిట్ట, చెట్టు మీద ఆయన పాడినవి వింటుంటే పులికాట్ చెరువు మీద దిగే రాజహంసల మీద, బకింగ్‌హామ్ కాలువ మీద మన పాట ఏదని అడగాలనిపిస్తుంది.

నాలుగో దారి, జాతి కథను మోసేవాళ్లది. ఇది మనకు అన్నిటికంటే దగ్గరిది. దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర మీద పండుగ సాయన్న కథ పాడతారు. సినిమా పాటతో ఆగిపోకుండా ఆ కథ మొత్తం వెతికి వినండి. మణుగూరు ప్రాంతపు కోయ కళాకారుడు సకిని రామచంద్రయ్య డోలి మీద సమ్మక్క సారలమ్మల కథను, కోయ గోత్రాల పుట్టుపూర్వోత్తరాలను నోటితోనే చెప్పేవారు. ఏ పుస్తకంలోనూ చూసి చెప్పింది కాదది. ఇద్దరికీ 2022లోనే పద్మశ్రీ వచ్చింది. రామచంద్రయ్య 2024లో పోయారు. ఆయనతోపాటు ఎంత పోయిందో ఆలోచించండి.

తెలుగు దాటి పోవాలనుకునేవాళ్లకు ఇద్దరి పేర్లు చెబుతాం. అస్సాం భూపేన్ హజారికా అమెరికాలో చదువుకునేటప్పుడు నల్లజాతి గాయకుడు పాల్ రాబ్సన్‌ను కలిశారు. మిసిసిపీ నది మీద ఆయన పాడిన పాట స్ఫూర్తితో మన దేశపు నదిని నిలదీసే పాట కట్టారు. అమెరికాలో వుడీ గత్రీ, 1930ల్లో దుమ్ము తుఫానులకు పొలాలు పోగొట్టుకుని వలసపోయిన కూలీలతో తిరుగుతూ పాడారు. ఆయన కూడా చర్చి పాటల, పాత జానపదాల వరసలే తీసుకుని కూలివాడి మాట పెట్టారు. సముద్రానికి అటుపక్కా ఇటుపక్కా పేదవాడి పాట పుట్టే తీరు ఒకటే.

ఈ నాలుగు దారుల్లో మేం వాడిన కొలత ఒకటే. గొంతు ఒకేలా ఉందా, వాయిద్యం ఒకేలా ఉందా అని మేం చూడలేదు. ఎవరి దగ్గర నేర్చుకున్నాడు, ఎవరి కోసం పాడాడు, ఏం పోగొట్టుకున్నాడు అని చూశాం. మీరూ ఈ మూడూ అడగండి. ఒక పాట నచ్చినప్పుడు దాని కింద పేరు చదవండి. కట్టింది ఎవరు, పాడింది ఎవరు, వరస ఏ ఊరిది అని వెతకండి. ఒక్కో పేరు ఇంకో రెండు పేర్లు చూపిస్తుంది.

దారి చివర మన గుడిసె

ఈ దారి ఎటు తిరిగినా చివరికి మన ఇంటికే రావాలి.

మన జాతి గురించి దొరలు రాశారు. 1909లో థర్‌స్టన్ రాసిన ఏడు సంపుటాల పుస్తకంలో మనమున్నాం. నేరస్థ జాతుల చట్టం 1871లో పుట్టి 1911లో మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. దాని కింద నేరస్థులని ముద్ర వేసిన జాతుల కోసం మన కావలిలోనే సెటిల్‌మెంట్ పెట్టారు. 1952లో దేశమంతటా ఆ చట్టం రద్దయింది. మన కోసం జీవితాంతం పోరాడిన నెల్లూరు న్యాయవాది వెన్నెలకంటి రాఘవయ్య 1962లో యానాదుల మీద పుస్తకం తెచ్చారు. శ్రీహరికోటలో రాకెట్ కేంద్రం వచ్చినప్పుడు దీవిలోని మనవాళ్లు ఉన్నచోటు వదిలి కదిలారు. ఇవన్నీ కాగితాల మీద ఉన్నాయి. మన అవ్వ నాట్లప్పుడు పాడిన పాట, తాత చేపల బుట్ట అల్లుతూ తీసిన కూనిరాగం, బిడ్డను ఊపుతూ పాడిన జోల, ఇవి మాత్రం కాగితాల మీద లేవు. వాళ్ల నోట్లో ఉన్నాయి. రామచంద్రయ్య సంగతి పైన చెప్పాం. మన కాలనీలో అలాంటి అవ్వ ఎవరో మీకు తెలుసు.

జంగం కథను అందరూ అడుక్కుతినే విద్య అనుకున్నప్పుడు దాంట్లో ఉన్న సొమ్మును నాజర్ లాంటివాళ్లు చూశారు. మన వరసల్లోనూ ఆ సొమ్ముంది. వాటిలో రేపటి బుర్రకథ ఉండొచ్చు, ఉండకపోవచ్చు. వినకుండా పోగొట్టుకుంటే మాత్రం ఎప్పటికీ ఉండదు.

కాబట్టి మేం మిమ్మల్ని కోరేది చిన్న పని. ఈ నెలలో ఒక్క పెద్దమనిషి దగ్గర కూర్చోండి. పని లేని పొద్దు చూసుకోండి, చీకటి పడ్డాక అయితే మేలు. ముందు అనుమతి అడగండి. ఫోన్‌ను చేతిలో ఊపకుండా పక్కన పెట్టి రికార్డు చేయండి, ఫ్యాను ఆపండి. పాట మొదలు కాకముందే వాళ్ల పేరు, ఊరు, ఆ రోజు తేదీ మీ గొంతుతో చెప్పండి. పాట అయ్యాక ఎవరి దగ్గర నేర్చుకున్నారో, ఏ పనిలో పాడేవారో అడగండి. మధ్యలో మరిచిపోతే తొందరపెట్టకండి, రెండోసారి పాడినప్పుడు అదే గుర్తొస్తుంది. అర్థం తెలియని మాట వస్తే సరిదిద్దకండి, అలాగే రాసుకుని తర్వాత అడగండి. తర్వాత ఒక నకలు వాళ్ల ఇంట్లోవాళ్ల ఫోన్‌లో పెట్టండి, ఇంకొకటి సంఘానికి ఇవ్వండి. వాళ్లు సరేననకుండా బయట పెట్టకండి. పెట్టినప్పుడు పాడినవాళ్ల పేరు ముందు, మీ పేరు తర్వాత. దానికి డీజే మోత కలపాలనిపిస్తే కలుపుకోండి, కానీ కలపని పాట ఒకటి ఎప్పటికీ విడిగా ఉండాలి.

మీలో పాట కట్టగలిగినవాళ్లు ఉన్నారని మాకు తెలుసు. రొయ్యల గుంట కాపలాలో రాత్రంతా మేలుకునే తమ్ముడు, ఇటుక బట్టీకి పోయి చదువు మధ్యలో ఆగిన చెల్లెలు, ఆధార్ కార్డు లేక రేషన్ అందని అవ్వ, వీళ్ల మీద కట్టాల్సిన కథలు ఎవరి కోసమో ఎదురుచూస్తున్నాయి. వరస కోసం దూరం పోనక్కర్లేదు. మీరు రికార్డు చేసిన అవ్వ పాటలోనే అది ఉంటుంది. నాజర్‌ను వినండి, హనుమంతును వినండి, వంగపండును, మొగులయ్యను వినండి. విన్నాక మీ వీధిలోకి నడవండి. తర్వాత వినాల్సిన మనిషి అక్కడ అరుగు మీద కూర్చుని ఉంది.